గ్రామ సంపద, ప్రపంచ ఒడంబడికలు, యువజనుల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



"విజ్ఞాన దౌత్యము, సుస్థిరాభివృద్ధి: ఇందు యువజనుల పాత్ర" అను విషయమును గురించి నన్ను మాటలాడుమన్నారు. వినుటకు ఇది రాజధానులలోను, విదేశములలోను చర్చించుకొనవలసిన సంగతివలె తోచును. దౌత్యము రాయబారుల పని, విజ్ఞానము ప్రయోగశాలల పని. వీనికిని మన చెరువుగట్టునకును, మన విత్తనపు గాదెకును సంబంధమేమని మీలో కొందరికి అనిపించవచ్చును. సంబంధము కలదు. దేశములు కూర్చుండి వ్రాసికొన్న ఒక ఒడంబడిక, చట్టమై, నియమమై, తుదకు మీ పంచాయతీ కార్యాలయపు బీరువాలో నుండవలసిన ఒక పుస్తకము దాకా వచ్చి నిలిచినది. ఆ పుస్తకము మీ గ్రామమున ఉన్నదా? ఉన్నచో అందులో ఏమి వ్రాసియున్నది? దానిని వ్రాయవలసినవారెవరు? ఈ మూడు ప్రశ్నలకే నా ప్రసంగమును పరిమితము చేసికొందును.

రెండు మాటల అర్థము

ఒక చెరువు క్రింద రెండు గ్రామముల ఆయకట్టు ఉన్నదనుకొనుడు. ఎండలు ముదిరి నీరు తగ్గినప్పుడు తగవు పుట్టును. ఎగువవారు నీరు లేదందురు, దిగువవారు దాచుచున్నారందురు. అప్పుడు ఉభయులకు నమ్మకమైన మనిషి యొకడు తూము దగ్గర కొలబద్ద పాతి, ప్రతి ఉదయము ఇరువురి యెదుట నీటిమట్టమును చదివినచో సగము తగవు అక్కడనే తీరును. మిగిలిన సగమును పెద్దలు కూర్చుండి తీర్చుకొందురు. దేశముల మధ్య ఇట్టి కొలబద్దను పాతుటయే విజ్ఞాన దౌత్యము. పరీక్షించి నిర్ధారించిన సత్యమును ముందుంచుకొని దేశములు ఒక అంగీకారమునకు వచ్చుట దాని సారము.

ఇందుకొక ఉదాహరణము చెప్పెదను. సూర్యుని తీవ్ర కిరణముల నుండి భూమిని కాపాడు ఓజోను పొర దక్షిణ ధ్రువముపై పలుచబడుచున్నదని 1985లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శీతల యంత్రములలో వాడు కొన్ని వాయువులు అందుకు కారణమని తేలినది. రెండు సంవత్సరములలోనే, 1987లో, కెనడా దేశములోని మాంట్రియల్ నగరమున దేశములు సమావేశమై ఆ వాయువులను క్రమముగా మానివేయుటకు ఒప్పుకొన్నవి. పిమ్మట ప్రపంచములోని దేశములన్నియు ఆ ఒడంబడికలో చేరినవి. ఇతర విషయములలో ఒకరి ముఖమొకరు చూడని ప్రభుత్వములు సైతము, కొలత సరియైనదని నమ్మినందున, ఒక్క కాగితముపై సంతకము చేసినవి.

ఇక సుస్థిరాభివృద్ధి యన నేమి? నేటి అవసరమును తీర్చుకొనుచు రేపటివారి అవసరమునకు లోటు రానీయకుండుట. విత్తనపు గింజలను వండుకొని తినని రైతుకు ఈ మాటను వేరుగ బోధింపనక్కరలేదు. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలోని 193 సభ్య దేశములు 2030 నాటికి సాధింపవలసిన 17 లక్ష్యములను ఏర్పరచుకొన్నవి. విత్తనములలోను, పశువులలోను గల వైవిధ్యమును కాపాడుకొనుట, వాని వలన కలుగు లాభమును న్యాయముగా పంచుకొనుట కూడ ఆ లక్ష్యములలో చేరియున్నవి. నేటి నా ప్రసంగమునకు మూలము ఈ రెండు అంశములే.

మన సంపద ఎంత దూరము పోయినది

ఒంగోలు జాతి పశువులను మీరెల్లరు ఎరుగుదురు. పంతొమ్మిదవ శతాబ్దము నుండి ఆ జాతి ఆవులను, ఆబోతులను ఓడలలో బ్రెజిల్ దేశమునకు కొనిపోయిరి. పెద్ద ఎత్తున కడపటి ఎగుమతి 1962 ప్రాంతమున జరిగినది. అచ్చట ఆ జాతిని 'నెలోర్' అందురు; మన నెల్లూరు పేరే ఆ విధముగ మారినది. బ్రెజిల్ దేశములోని పశువులు ఇరువది కోట్లకు పైమాటే. వానిలో అధిక భాగము ఈ జాతివి, లేదా ఈ జాతి రక్తము గలవి. ఆ దేశపు మాంస వ్యాపారమునకు అదియే పునాది. గుండ్లకమ్మ, పాలేరు, మూసి ప్రాంతముల రైతులు తరతరములుగా ఏ ఆబోతును విడువవలెనో, ఏ దూడను పెంచవలెనో ఎంచి తీర్చిన జాతి యది. పశువును అమ్మినవానికి ఆ పశువు వెల ముట్టినది; అంతటితో సరి. ఆ జాతిని తీర్చిన గ్రామములకు తరువాత ఎన్నడును ఒక కాసు వచ్చుటకు మార్గము లేకపోయినది. అందుకు ఎవరినో నిందించుటకు వీలులేదు. ఆ రోజులలో జీవసంపద ఎల్లవారి ఉమ్మడి సొత్తుగా పరిగణింపబడెడిది. దానికి లెక్క వ్రాయు ఒడంబడిక గాని చట్టము గాని లేదు.

అయితే మనము ఇచ్చినవారము మాత్రమే కాము; పుచ్చుకొన్నవారము కూడ. ఫిలిప్పైన్స్ దేశమున 1960లో స్థాపింపబడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐ.ఆర్. 8 అను వరి వంగడమును విడుదల చేసినది. దాని తల్లిదండ్రులలో ఒకటి ఇండోనేషియాలో సాగైన రకము. రెండవది తైవాను పొట్టి రకము. ఆ వంగడమును పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట గ్రామమునకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో తన పొలమున నాటెను. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు నిండలేదు. ఊరు ఎరుగని విత్తును నమ్మి నాటుటకు యౌవనపు సాహసము కావలెను. పండిన పిమ్మట పదిమందికి విత్తనము పంచుటకు పెద్దమనసు కావలెను. ఆ రెండును ఆయనయందు కుదిరినవి. నాలుగు దేశముల శ్రమ ఒక యువకుని మడిలో కలిసినది.

కథ అంతటితో ముగియలేదు. ఆ పొట్టి రకములకు సుడిదోమ వలన వ్యాపించు ఒక గిడసబారు తెగులు పట్టుకొన్నది. ఆరు వేలకు పైగా వరి నమూనాలను పరీక్షింపగా ఆ తెగులుకు లొంగనిది ఒక్కటే కనబడినది. అది ఉత్తర ప్రదేశ్ నుండి సేకరించిన ఒక అడవి వరి. పొలములో కనబడినచో మనము కలుపని పెరికి పారవేయు జాతి యది. దాని గుణమును చేర్చి తీసిన ఐ.ఆర్. 36 అను రకము 1976లో విడుదలయై, కొలదికాలములోనే ఆసియా ఖండమున కోటి హెక్టారులకు పైగా సాగైనది. మనకు కలుపుగా కనబడినది ఖండమునకు అన్నము పెట్టినది. దేని విలువ ఎప్పుడు బయటపడునో ముందుగా చెప్పగలవారు లేరు. కనుకనే దేనిని పోగొట్టుకొన్నను నష్టమే.

పసుపు నేర్పిన పాఠము

గాయమునకు పసుపు అద్దుట మన ఇండ్లలో పసిపిల్లలకు సైతము తెలిసిన వైద్యము. అయినను 1995లో అమెరికా దేశపు పేటెంటు కార్యాలయము పసుపుతో గాయములను మాన్పు పద్ధతిపై ఒక పేటెంటును మంజూరు చేసినది. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిపై అభ్యంతరము తెలిపినది. మన అవ్వలందరు సాక్ష్యమిచ్చినను చాలకపోయెడిది. అచ్చట వ్రాత మూలకమైన ఆధారము కావలసివచ్చినది. మండలివారు సంస్కృతము, ఉర్దూ, హిందీ మొదలగు భాషలలోని పాత గ్రంథములను, పత్రికలను వెదకి, అనువదించి, దాఖలు చేసిరి. 1997లో ఆ పేటెంటు రద్దయినది. వేపనూనెతో బూజు తెగుళ్ళను అరికట్టు పద్ధతిపై ఐరోపాలో 1994లో ఇచ్చిన పేటెంటు కూడ ఇట్టి పోరాటము వలన 2000లో రద్దయి, 2005లో ఆ తీర్పు ఖాయమైనది.

ఇందులోని పాఠమేమి? పసుపునకు పూర్వగ్రంథము లున్నవి గనుక గెలిచితిమి. మీ ఊరి గొర్రెల కాపరి ఎరిగిన కుంటు వైద్యమునకు గ్రంథమేది? మీ ఊరి మంత్రసాని ఎరిగిన పసరునకు గ్రంథమేది? అవి నోటనున్న విద్యలు. ఆ నోరు మూతపడిన దినమున అవియు మూతపడును. వ్రాతలో లేనిదానికి సభలో వాదము నిలువదు.

ఒడంబడిక పంచాయతీకి వచ్చిన విధము

1992లో బ్రెజిల్ దేశపు రియో నగరమున జరిగిన మహాసభలో జీవవైవిధ్య ఒడంబడిక సంతకములకై ఉంచబడినది. ఏ దేశపు జీవసంపదపై ఆ దేశమునకే సర్వాధికారము కలదని, దానిని వాడుకొను ఇతరులు అనుమతి పొందవలెనని, లాభమును న్యాయముగా పంచవలెనని ఆ ఒడంబడిక చెప్పుచున్నది. ఈ మాట చేర్పించుటకు మనవంటి దేశములు గట్టిగా వాదింపవలసివచ్చినది. లాభము పంచు విధానమును వివరించు అనుబంధ ఒప్పందము 2010లో జపాను దేశపు నగోయా నగరమున కుదిరినది. ఒడంబడికలోని దేశముల పదకొండవ మహాసభ 2012 అక్టోబరులో మన హైదరాబాదుననే జరిగినది. అదే నెలలో భారతదేశము నగోయా ఒప్పందమును ధ్రువపరచినది.

ఆ ఒడంబడికను అమలుపరచుటకై మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టమును చేసినది. దాని ననుసరించి చెన్నపట్టణమున జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్రములలో జీవవైవిధ్య మండలులు ఏర్పడినవి. క్రింది మెట్టున, ఆ చట్టములోని 41వ విభాగము ప్రకారము, ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. గ్రామములోని చెట్లు, చేలు, పశువులు, చేపలు, పక్షులు, వానిని గూర్చిన ప్రజల జ్ఞానము, ఇవన్నియు వ్రాసియుంచు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరచుట ఆ కమిటీ యొక్క ముఖ్యమైన పని. నేను మొదట చెప్పిన పుస్తకము ఇదియే.

ఈ కమిటీకి గల అధికారములు స్వల్పమైనవి కావు. ఆ ప్రాంతపు జీవసంపదను గూర్చి నిర్ణయము చేయునప్పుడు జాతీయ సంస్థయు, రాష్ట్ర మండలియు ఈ కమిటీని సంప్రదింపవలెను. వ్యాపారమునకై తన ప్రాంతమునుండి జీవవనరులను సేకరించువారిపై కమిటీ రుసుము విధింపవచ్చును. వచ్చిన ధనమును స్థానిక జీవవైవిధ్య నిధిలో వేసి గ్రామము కొరకు వినియోగింపవచ్చును. 2004 నాటి నియమములలో అధ్యక్షుడు గాక ఆరుగురు సభ్యులను, వారిలో మూడవవంతుకు తగ్గకుండ స్త్రీలను నియమింపవలెనని యుండెను. 2023లో చట్టమునకు సవరణ జరిగినది గనుక, కమిటీ నిర్మాణమును గురించి మీ రాష్ట్ర మండలివారి నేటి ఉత్తర్వులను చూచుకొని నడుచుకొనవలెను.

ఫలము పొందినవారు

ఇది కాగితపు మాట కాదనుటకు మన నేలనుండియే రెండు సాక్ష్యములు కలవు. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని అమరచింత ప్రాంతమున సేకరించిన ఎండు వేపాకు జపాను దేశమునకు ఎగుమతి యైనది. ఎగుమతి చేసినవారు జాతీయ సంస్థకు చెల్లించిన సొమ్ములో కొంత భాగము తిరిగి అమరచింత జీవవైవిధ్య కమిటీకి చేరినది. వేప మొక్కలు నాటుటకు, ప్రజలకు ఈ విషయము తెలియజెప్పుటకు దానిని వినియోగించుమన్నారు. సొమ్ము వేలలోనిదే. కాని సముద్రము దాటిపోయిన ఒక ఆకు వెల నుండి గ్రామమునకు వాటా రావచ్చునని అది నిరూపించినది.

రెండవది ఎర్రచందనము. ప్రపంచమున ఈ వృక్షమునకు పుట్టినిల్లు మన రాయలసీమ, నెల్లూరు ప్రాంతముల కొండలే. దాని విదేశ వ్యాపారము 1995 నుండి ఒక అంతర్జాతీయ ఒడంబడిక అదుపులో నున్నది. తమ భూములలో ఎర్రచందనమును పెంచిన రైతులకు లాభపు వాటాగా పంచుటకై 2025లో జాతీయ సంస్థ ఆంధ్ర ప్రదేశ్ జీవవైవిధ్య మండలికి రూ. 3 కోట్లు విడుదల చేసినది. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, కడప జిల్లాలలోని 48 గ్రామములకు చెందిన 198 మంది రైతులకు, వారిచ్చిన కలప పరిమాణమును బట్టి ఆ సొమ్ము ఉద్దేశింపబడినది. ఎవరి భూమినుండి ఎంత కలప వచ్చినదో లెక్క యున్నది గనుకనే వాటా లెక్కకట్టుటకు వీలైనది. లెక్కలేని గ్రామమునకు వాటా లేదు.

ప్రతి గ్రామమునకు ధనము వచ్చి పడునని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పినచో మిమ్ము మోసపుచ్చినట్లగును. అనేక గ్రామములకు ఎన్నడును ఒక్క రూపాయి రాకపోవచ్చును. అయినను ఈ రిజిస్టరు వృథా కాదు. క్వారీకి గాని, కర్మాగారమునకు గాని, చేపల గుత్తకు గాని అనుమతి విషయము వచ్చినప్పుడు ఆ చోట ఏమున్నదో చెప్పుటకు మీ చేతిలో నుండు వ్రాత ఆధారము ఇదియే. వరుసగా వానలు తప్పినప్పుడు తట్టుకొను పాత విత్తనము ఎవరి ఇంట నున్నదో చెప్పునదియు ఇదియే. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు మొదలగు చిరుధాన్యములను నిన్న మొన్నటి వరకు పేదల తిండి యని చిన్నచూపు చూచితిమి. భారతదేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. అప్పటికి విత్తనము మిగిలియున్న గ్రామములు ధన్యములు. జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు తమ సంఘముల ద్వారా ఆ విత్తనములను కుండలలోను, బుట్టలలోను ముందే దాచియుంచిరి. వారు సభ్యులుగా గల దక్కను అభివృద్ధి సంఘమునకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి విభాగము వారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

కాగితముపై నిలిచిన పుస్తకములు

చట్టము వచ్చి చాలకాలము గడచినను కమిటీలు కొలదిచోట్లనే ఏర్పడినవి. జాతీయ హరిత ధర్మాసనము 2019లో కఠినముగా ఆదేశించినది: 2020 జనవరి 31 లోపల ప్రతి స్థానిక సంస్థయు కమిటీని, రిజిస్టరును సిద్ధపరుపవలెను, తప్పినచో రాష్ట్రము నెలకు రూ. 10 లక్షల చొప్పున చెల్లింపవలెను. అంతట దేశమంతట పరుగు మొదలైనది. కొలదికాలములో రెండున్నర లక్షలకు పైగా కమిటీలు, రిజిస్టరులు లెక్కకు వచ్చినవి. పని జరిగినందుకు సంతోషింపవలసినదే. కాని తొందరలో వ్రాసిన పుస్తకములలో పొరుగూరి పేజీలు మన ఊరి పేరుతో నుండుట, చెరువులేని ఊరికి చేపల పట్టిక యుండుట అసంభవము కాదు. ఊరివారు చూడని రిజిస్టరు ఊరి రిజిస్టరు కానేరదు. మీరు తిరిగి వెళ్ళిన వెంటనే ఆ పుస్తకమును తీయించి చూడుడు. అందులోని పేర్లు మీ ఊరివేనా, చెప్పినవారు మీ ఊరివారేనా యని విచారింపుడు.

యువజనులు చేయవలసిన పని

ఇచ్చటనే యువజనుల పాత్ర వచ్చుచున్నది. జ్ఞానము పెద్దలయందున్నది, వ్రాత, ఓపిక, కాళ్ళసత్తువ పిల్లలయందున్నవి. ఈ రెంటిని ఒకచోట చేర్చుటయే పని. నేడు డెబ్బది యేండ్లు దాటినవారు కొరమీనుకు, మట్టగిడసకు, ఇంగిలాయికి గల తేడాను చీకటిలో చేతితో తడిమి చెప్పగలరు. వారి మనుమలకు మార్కెట్టులోని చేప యొక్కటే తెలియును. మొలగొలుకులు, అక్కుళ్ళు, కృష్ణకాటుకలు అను వరి పేర్లు వినినవారు సైతము అరుదగుచున్నారు. ఈ రెండు తరముల మధ్య సంభాషణ మరి పది పదునైదు సంవత్సరములు మాత్రమే సాధ్యము. తరువాత అడుగుటకు పిల్లలుందురు, చెప్పుటకు పెద్దలుండరు.

పని చేయు పద్ధతిని క్లుప్తముగా చెప్పెదను.

మొదట ఊరిలోని ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థులను, చదువు ముగించి ఊరనున్న యువతీ యువకులను చిన్న బృందములుగా ఏర్పరచవలెను. చెరువు ఒక బృందమునకు, పొలములు ఒక బృందమునకు, బంజరు, కొండ, వాగు ఒక బృందమునకు, పశువులు ఒక బృందమునకు అప్పగింపవలెను. బృందములలో ఆడపిల్లలు తప్పక యుండవలెను. కూరాకులు, విత్తనములు, పురుటింటి మందులు ఆడవారి విద్యలు. వారు మగపిల్లలకు చెప్పని సంగతులు అనేకములు. పల్లె, గూడెము, తండా దేనిని విడువరాదు. అడవినెరిగినవారు, వలనెరిగినవారు, మందనెరిగినవారు అచ్చటనే యున్నారు.

రెండవది, ఊరివారు పిలుచు పేరుతోనే వ్రాయవలెను. గలిజేరును గలిజేరనియే, పొన్నగంటిని పొన్నగంటియనియే వ్రాసి, ఫోనుతో తీసిన పటమును, తేదీని, చోటును జతపరచవలెను. శాస్త్రీయ నామమును దగ్గరి కళాశాలలోని వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర ఉపాధ్యాయుల చేత సరిచూపించి చేర్పవలెను. ఊహించి వ్రాసిన పేరు కంటె ఖాళీగా విడిచిన గడి మేలు.

మూడవది, ఒక్క రోజుతో తేల్చరాదు. తొలకరిలో కనబడు మొక్క సంక్రాంతి నాటికి ఉండదు; శీతకాలమున చెరువునకు వచ్చు పక్షి వేసవిలో రాదు. కనుక తొలకరి, కోతలు, వేసవి అను మూడు కాలములందును తిరిగి చూడవలెను. ఉన్నదానితోపాటు లేకుండ పోయినదానిని కూడ వ్రాయవలెను. ఫలానా చేప ఈ చెరువులో ఎన్నడు కడపట కనబడినది, అప్పుడు ఏమి మారినది అని పెద్దలనడిగి నమోదు చేయవలెను. ఒక శాస్త్రజ్ఞుడు వచ్చినప్పుడు మొట్టమొదట అడుగునది ఈ లెక్కయే.

నాలుగవది, వ్రాసినదానిని గ్రామసభలో చదివి వినిపింపవలెను. తప్పులుండినచో సభలోనే తేలును. తమ తాత పేరు, అమ్మమ్మ పేరు రిజిస్టరులో చదువగా వినిన పిల్లవాడు దానిని సర్కారు కాగితమనుకొనడు. తన ఇంటి దస్తావేజు అనుకొనును.

వ్రాయదగినది, వ్రాయరానిది

ఒక హెచ్చరిక అవసరము. తాళమువేయని పెట్టెలో నగల జాబితా ఉంచుట దొంగకు దారిచూపుటయే. అరుదైన మొక్క ఏ కొండ ఏ వాలున నున్నదో అందరికి తెలియునట్లు ప్రచురించినచో అది మరునాటికి ఉండదు. ఒక కుటుంబము రహస్యముగా కాపాడుకొను మందును వారి సమ్మతి లేక వ్రాయుట అన్యాయము. కావున చెప్పినవారిని ముందుగా అడిగి, వారు వలదన్నదానిని విడువవలెను. వివరములు చూపదగినవి, చూపరానివి యని వేరుపరచవలెను. రిజిస్టరు కమిటీ అధీనముననే యుండవలెను. ఎవరు వచ్చి చూచిరో, ఏమి తీసికొనిరో వేరొక పుస్తకమున తేదీతో వ్రాయవలెను. యువజనులు తాము తీసిన పటములను ఉత్సాహముకొలది లోకమునకు పంపకముందు ఈ మాట తలచుకొనవలెను.

గ్రామమునుండి ప్రపంచసభకు

ఈ పనిచేసిన పిల్లలు విజ్ఞాన దౌత్యములో అడుగుపెట్టినవారే. అది ఎట్లందురా? 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్ నగరమున జీవవైవిధ్య ఒడంబడికలోని దేశములు 23 లక్ష్యములతో ఒక ప్రణాళికను అంగీకరించినవి. వానిలో 22వ లక్ష్యము, జీవవైవిధ్యమును గూర్చిన నిర్ణయములలో ఆదివాసులకు, స్థానిక ప్రజలకు, స్త్రీలకు, యువజనులకు భాగముండవలెనని చెప్పుచున్నది. ఆ మహాసభలలో యువజనుల పక్షమున మాటలాడుటకు ప్రపంచ యువజన జీవవైవిధ్య సంఘము కలదు. అనేక దేశముల యువతీ యువకులు అందు చేరి చర్చలలో పాల్గొనుచున్నారు.

2024లో కొలంబియా దేశపు కాలీ నగరమున జరిగిన మహాసభలో మరియొక ముఖ్యవిషయము తేలినది. నేడు విత్తనమును మోసికొని పోనక్కరలేదు. దాని జన్యు సమాచారమును యంత్రములో ఎక్కించి క్షణములో ఖండాంతరమునకు పంపవచ్చును. అట్టి సమాచారముతో లాభము గడించు పెద్ద వ్యాపార సంస్థలు స్వచ్ఛందముగా ఒక నిధికి చందా ఇచ్చుటకును, అందులో కనీసము సగము ఆదివాసుల, స్థానిక ప్రజల అవసరములకు చేరుటకును ఏర్పాటు జరిగినది. 2025లో ఆ నిధి ప్రారంభమైనది. దానికి ఎవరెంత ఇత్తురు, అది ఎవరికెట్లు చేరును అను ప్రశ్నలపై వాదములు సాగవలసియున్నవి. ఆ వాదములు చేయుటకు చట్టము, శాస్త్రము, ఊరి అనుభవము మూడును తెలిసినవారు కావలెను. పట్టణమున పుట్టి పెరిగినవానికి మొదటి రెండు దొరకును. మూడవది దొరకదు. తమ ఊరి చెరువును మూడు కాలములలో చూచి వ్రాసిన పిల్ల రేపు ఆ సభలో మాటలాడినచో దాని బరువు వేరు.

పంచాయతీ చేయవలసినది

యువజనులను పొగడి ఊరకుండిన లాభము లేదు. వారికి స్థానమియ్యవలెను. 18 యేండ్లకు ఓటు, 21 యేండ్లకు పంచాయతీకి పోటీచేయు హక్కు చట్టమిచ్చినది. కాని గ్రామసభలో యువకుడు లేచినప్పుడు "నీకేమి తెలియును, కూర్చో" అను మాట ఇంకను వినబడుచున్నది. అటువంటి ఊరిలో చదువుకొన్న పిల్లలు నిలువరు, నిలిచినను నోరువిప్పరు.

కావున ఈ నాలుగు పనులు చేయుడని మిమ్ము కోరుచున్నాను. జీవవైవిధ్య కమిటీని తీర్మానముచేసి సజీవముగ నిలుపుడు; నియమములు అనుమతించునంత మేరకు అందులో యువజనులకు చోటిండు. రిజిస్టరును తిరిగి సరిచూచుటకు ఒక సంవత్సరపు కార్యక్రమమును గ్రామసభలో ఆమోదింపజేయుడు. పుస్తకములకు, రాకపోకలకు అగు స్వల్ప వ్యయమును గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్చుడు. ఐక్యరాజ్య సమితి లక్ష్యములను గ్రామములకు అన్వయించుచు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఏర్పరచిన తొమ్మిది అంశములలో "పరిశుభ్రమైన, పచ్చని గ్రామము", "నీటి సమృద్ధి గల గ్రామము" అనునవి ఇందుకు తగినవి. చివరగా, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి వ్రాసి సలహాదారులను పిలిపించుకొనుడు. వ్యాపారులెవరైన మీ ఊరినుండి ఆకు, వేరు, బెరడు, గింజ కొనిపోవుచున్నచో ఎవరు, ఎంత, ఎచ్చటికి అని అడిగి వ్రాసికొనుట నేటినుండియే మొదలిడవచ్చును. దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు.

అయ్యలారా, అమ్మలారా! ఒంగోలు గిత్త ఓడ ఎక్కిన దినములలో మన గ్రామములకు చట్టము లేదు, కమిటీ లేదు, ప్రపంచసభలో మాట లేదు. నేడవి మూడును కలవు. ఈసారి గ్రామమునకు రావలసినది రాకపోయినచో దూరదేశమువారిపై నెపము వేయుటకు వీలుండదు. మన బీరువాలోని ఖాళీ పుటలే మనకు జవాబు చెప్పును. ఆ పుటలను నింపగలవారు మీ ఇండ్లలోనే యున్నారు. వారి చేతికి కలమిండు. చెప్పగల పెద్దలయొద్దకు వారిని పంపుడు. వచ్చు తొలకరికే ఈ పని ప్రారంభింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.